పిట్టకథలో పక్కవాద్యం నోరెత్తకూడదు

ఏమయ్యా, నిన్నే. బోరు కొడితే లేచిపోదామని కుర్చీ చివర కూర్చుని, ఒక కాలు గుమ్మం వైపు పెట్టుకున్నావే, నిన్నే. ఆ కాలు లోపలికి తీసుకో. కథ చెప్పేవాడు జనం మొహాలు చూస్తాడు. పక్కన చాప మీద కూర్చుని మృదంగం వాయించేవాడికి ముందు వరుస కాళ్ళే కనిపిస్తాయి. ఎవరు వింటున్నారో, ఎవరు పారిపోబోతున్నారో నాకు కాళ్ళే చెప్తాయి. మొహానిదేముంది, ఎంతైనా అబద్ధం ఆడుతుంది. నీ మొహం చూడు, ఎంత శ్రద్ధగా పెట్టావో!

నేను పెద్దగా చదువుకోలేదు. నేను బడికి వెళ్ళాను గానీ బడి నా దాకా రాలేదు. పగలు సోఫాలు కుట్టే షాపు. పాత స్పంజి పీకడం, కొత్త స్పంజి కూరడం, పైన గుడ్డ లాగి పిన్నులు కొట్టడం. సాయంత్రమైతే మా బావ హరికథకి మృదంగం. హరికథ ఎప్పుడూ చూడలేదా? సిగ్గుపడకు, నీలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్క మనిషే నిలబడతాడు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. రాజూ తనే, రాణీ తనే, రాజుగారి గుర్రమూ తనే. పాడతాడు, ఆడతాడు, ఏడుస్తాడు, జనాన్ని ఏడిపిస్తాడు. పక్కన కూర్చునేది మేమిద్దరం. మృదంగం మీద నేను, ఫిడేలు మీద నా మేనకోడలు.

జనానికి కునుకొస్తోంది అనిపించగానే కథ చెప్పే దాసుగారు అసలు కథ ఆపి ఒక పిట్టకథ ఎత్తుకుంటాడు. దాంట్లో ఎప్పుడూ ఒక వెధవ ఉంటాడు. ఆ వెధవ ఎప్పుడూ మృదంగం వాడే. నా తిండి, నా బట్టతల, నా గురక, అన్నీ జనానికి పంచిపెట్టేస్తాడు మా బావ. దీనికొక కట్టుబాటు ఉంది. పిట్టకథ నడుస్తున్నంతసేపూ పక్కవాద్యం నోరెత్తకూడదు, లేచి వెళ్ళకూడదు. జవాబు ఏదైనా సరే, ఆఖర్న మృదంగం మీద ఒక్క దెబ్బతో చెప్పాలి. ఆ దెబ్బ పడితేనే పిట్టకథ అయినట్టు. అది పడేదాకా దాసుగారు మళ్ళీ అసలు కథలోకి అడుగు పెట్టడు. ఇల్లంతా నోరు పెట్టుకు తిరిగే నాకు ప్రపంచంలో నోరు మూసుకోవాల్సిన చోటు అదొక్కటే.

సరే. మా అక్క పోయింది.

ఆస్పత్రిలో ఉండి ఉండి, ఒక పొద్దున పోయింది. బావకి భార్య, పిల్లకి తల్లి, నాకు అక్క. ఆ వరుసలో చూస్తే నాదే చిన్న నష్టం అనుకున్నాను. కాబట్టి ఇంటిని నిలబెట్టే పని నాదే కదా. పలకరించడానికి జనం మొహాలు వేలాడేసుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళు లోపల కూర్చుని "ఎంత మంచి మనిషండీ" అంటూ ఉంటే, నేను గుమ్మం దగ్గర వాళ్ళ చెప్పుల జతలు మార్చేసేవాణ్ణి. బావతో పాటు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన రెండు ఎడమకాలి బూట్లతో మెట్లు దిగాడు. మలుపు తిరిగేదాకా ఆయనకి తెలియలేదు. నేను పడీ పడీ నవ్వాను. అంటే, నవ్వుతున్న చప్పుడు వచ్చింది.

"మామయ్యా, ఆయన మోకాళ్ళు అసలే బాగాలేవు," అంది మేనకోడలు.

"అందుకే మార్చానే. రెండు కాళ్ళూ ఒకే వైపుకి పోతే మోకాళ్ళకి గొడవుండదు."

అది నవ్వలేదు, తిట్టనూ లేదు. మందుల షాపులో పనిచేసే పిల్ల కదా, జబ్బు మనిషిని చూసినట్టు నన్నొకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు మటుకు ఏమీ అనిపించలేదు. బాగానే ఉన్నాను. పెట్టింది తిన్నాను, పక్క వేస్తే పడుకున్నాను. కాఫీ కొంచెం వేడినీళ్ళలా ఉండేది, అంతే. షాపుకి వెళ్ళి ఒకాయన సోఫాకి గుడ్డ తిరగేసి కుట్టేశాను. పువ్వులన్నీ లోపలికి, ముళ్ళలాంటి దారాలన్నీ బయటికి. ఆయన చూసి, "నీ చిలిపితనం పోనిచ్చావు కాదు గదయ్యా," అని నవ్వాడు. నేనూ నవ్వాను. చిలిపితనం కాదు అని చెప్పడానికి బద్ధకం వేసింది.

నా బెంగల్లా బావ గురించే. బావ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధి వైపు తిరిగి, వీపు మాకు పెట్టి కూర్చునేవాడు. చిడతలు ఫ్రిజ్ మీద పడి ఉన్నాయి. ఒకరోజు నేను వాటిని తీసి టకటకలాడించాను.

"ఏం దాసుగారూ, వచ్చే వారం ఏం కథ?"

"చాల్రా. ఇక కథలు వద్దు," అన్నాడు, తల తిప్పకుండా.

"వద్దంటే?"

"వద్దంటే వద్దని. నోరు రావట్లేదు. మానేశాను."

ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. చెప్తున్నా విను, ఇదొక్కటే నాకప్పుడు ముఖ్యం: మా బావ మళ్ళీ గజ్జె కట్టాలి. కట్టకపోతే ఆ కుర్చీలోనే కొయ్యబారిపోతాడు. కథ చెప్పని దాసుగారంటే ఏముంది, పంచె కట్టిన కొయ్య. అక్క ఎలాగూ పోయింది, ఈయన్నీ పోగొట్టుకుంటే ఇక ఆ ఇంట్లో నేను ఎవరిని ఏడిపించాలి?

వంటింట్లోకి వెళ్ళి మేనకోడలిని అడిగాను. "ఏమే, మీ నాన్న వాలకం చూశావా?"

"చూస్తూనే ఉన్నాను. మంచిగా చెప్తే వినేట్టు లేరు." గిన్నె తోముతూ అంది. "నీకు మంచిగా చెప్పడం ఎలాగూ రాదు గదా మామయ్యా. నీకు వచ్చిందేదో చెయ్యి."

"అంటే?"

"నాకేం తెలుసు. అన్నట్టు, ఆ ముక్కు దాసుగారు మా షాపుకొచ్చారు, జలుబు బిళ్ళలకి. అమ్మవారి పెళ్ళి కథ నేర్చుకుంటున్నారట ఇప్పుడు."

గిన్నె కడిగేసింది, బోర్లించింది, వెళ్ళిపోయింది. నేనక్కడే నిలబడ్డాను. బుర్రలో దీపం వెలిగింది.

ముక్కు దాసుగారు కూడా హరికథలు చెప్తాడు. ఆయన పాట గొంతులో మొదలై ముక్కులోంచి బయటపడుతుంది. మా బావకి ఆయన పేరు వింటే చాలు, కడుపులో మంట. ఇక అమ్మవారి పెళ్ళి కథంటావా, అది మా బావ సొత్తు. పెళ్ళికూతురి సిగ్గు, తండ్రి కంగారు, చెల్లెలి చెయ్యి పట్టుకొచ్చి పెళ్ళికొడుకు చేతిలో పెట్టే అన్నగారి దర్జా, ముగ్గురినీ ఒక్క పై కండువాతో చూపిస్తాడు. దాన్ని ఇంకొకరు చెప్తారంటే పులిని లేపి దాని తోక మీద నిలబడ్డట్టే.

మర్నాడు పొద్దున్నే మొహం గంభీరంగా పెట్టుకుని వెళ్ళాను.

"బావా, నీకు చెప్పకూడదనే అనుకున్నాను."

"అయితే చెప్పకు."

"శనివారం గుళ్ళో కథ ఉందట. మేనేజరు ముక్కు దాసుగారిని పిలిచాడట."

వీపు కదలలేదు.

"అమ్మవారి పెళ్ళి," అన్నాను.

కుర్చీ కిర్రుమంది. "ఎవరు చెప్పారు?"

"మేనేజరే. నువ్వు మానేశావని తెలిసిందట. ఆయన మంచివాడే పాపం, బాధపడ్డాడు. కానీ హాలు ఖాళీగా ఉంచలేం కదా అన్నాడు."

బావ మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం అనుకున్నాను, లోపల సంబరపడ్డాను.

"ఆ ముక్కుతో పెళ్ళికూతురు మాట్లాడితే పెళ్ళికొడుకు పారిపోడట్రా?"

"అదే నేనూ అన్నాను."

"నేనే చెప్తానని చెప్పిరా, పో. కానీ ఒక్కటి. నువ్వు వాయించాలి."

"నేను కాకపోతే ఇంకెవరు వాయిస్తారు బావా నీకు? ఎవడు పడతాడు నీతో?"

మెట్ల మీద గంతులేసుకుంటూ దిగాను. చూశావా, ఎంత సులువో! పెద్ద పెద్ద వాళ్ళొచ్చి ధైర్యం చెప్పారు, శాంతి వచనాలు చెప్పారు. ఒక్కరి వల్లా కాలేదు. ఒక చిన్న అబద్ధంతో లేపి నిలబెట్టాను.

గుడి ఆఫీసు గదిలో మేనేజరు బల్ల ముందు కూర్చుని అరటిపండు తింటున్నాడు. ఆయన సంగతి నీకు తెలియదు. గుళ్ళో ఒక మేకు కొట్టుకుంటామన్నా, ఎందుకు, ఎక్కడ, ఎంత పొడుగు, తీసేటప్పుడు గోడకి సున్నం ఎవరు వేస్తారు, ఇన్ని అడుగుతాడు. అలాంటివాడు నేను శనివారం హాలు కావాలనగానే, "దానికేం మృదంగం గారూ, కానివ్వండి," అని పండు రెండో సగం నోట్లో పెట్టుకున్నాడు.

"మైకు కూడా."

"మైకు, కుర్చీలు, అన్నీ ఉంటాయి. మీరు రండి చాలు."

నా టైము బాగుందిలే అనుకున్నాను. టైము బాగున్నప్పుడు మనిషి ప్రశ్నలు వేయడు.

ఇక మృదంగం సంగతి. అక్క ఆస్పత్రిలో చేరినప్పటి నించి దాని గుడ్డ విప్పలేదు. బావ కథలు చెప్పట్లేదు కాబట్టి విప్పలేదు, అంతే, ఇంకేం లేదు. షాపులో బల్ల మీద పెట్టి విప్పాను. తోలు బిగుసుకుపోయింది. రాయితో, పుల్లతో అంచు చుట్టూ కొట్టి శ్రుతికి తెచ్చాను. ఎడమవైపు రవ్వ ముద్ద తడిపి అద్దాను. వాయిస్తే చప్పుడు వచ్చింది. చప్పుడే. గోడ అవతల ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంది. చెవుల్లో గుబిలి ఉందేమో అని మేనకోడలి షాపులో చుక్కల మందు కొన్నాను కూడా. అది మందిస్తూ, "చెవికి కాదు మామయ్యా," అంది. మరి దేనికో చెప్పలేదు.

శనివారం సాయంత్రం. గుడి పక్కన హాలు. నున్నటి గచ్చు, ట్యూబులైట్లు, మడత కుర్చీలు, ఒక మూల రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను. వేదిక మీద తెల్లటి దుప్పటి పరిచారు. నేను మృదంగం ఒళ్ళోకి తీసుకుని ముందు వరుస కాళ్ళు చూశాను. అవే పాత కాళ్ళు. బూట్లు మారిపోయిన పెద్దాయన కూడా వచ్చాడు, ఈసారి తాళ్ళు ముడేసుకుని. ఆయన పక్కన ఒక జత కాళ్ళు మాత్రం కొత్తవి. తలెత్తాను. ముక్కు దాసుగారు!

అయిపోయింది, బండారం బయటపడింది అనుకున్నాను. శ్రుతి చూసుకునే నెపంతో దిగి ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"మీరేంటండీ ఇక్కడ?"

"ఏం, విందకూడదా?" అన్నాడు. పాపం జలుబు ఇంకా తగ్గినట్టు లేదు.

"వినండి, మహారాజులా వినండి. కానీ మా బావ గనక అడిగితే, ఈ కథ మీరే చెప్పాల్సింది, ఒంట్లో బాగాలేక మానుకున్నారు అని చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

"అలాగేనయ్యా."

ఎందుకని కూడా అడగలేదు! ఇంత మంచి మనిషిని ఇన్నేళ్ళూ ముక్కు అని ఏడిపించామా అనిపించింది.

బావ వచ్చాడు. పంచె, నడుముకి బిగించిన కండువా, కాళ్ళకి గజ్జెలు. చిడతలు ఒకసారి టక్కుమన్నాయి. ఎత్తుకున్నాడు. ఏం ఎత్తుకున్నాడో, నేనేం వాయించానో నాకు సరిగా తెలియదు. చేతులు వాటంతటవే పోతున్నాయి. తాళం తప్పలేదు. బావ పెళ్ళికూతురై కొంగు సర్దుకుంటే జనం మురిశారు, తండ్రై తలుపుల దగ్గర తచ్చాడితే నవ్వారు. నేను ఒక పక్కన కూర్చుని, చూశారా నా ప్రతాపం, కొయ్యని నిలబెట్టి ఆడిస్తున్నాను అనుకుంటున్నాను. సంతోషంగా ఉండాలి కదా. ఉండే ఉంటుందిలే అనుకున్నాను.

పెళ్ళి ఘట్టం వచ్చింది. అన్నగారు చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు పెళ్ళికొడుకు చేతిలో పెట్టాలి. అక్కడ బావ ఆగిపోయాడు. చిడతలు కిందికి దించాడు.

"ఈ అన్నగారి సంగతి అలా ఉంచండి," అన్నాడు జనంతో. "నాకూ ఒక బావమరిది ఉన్నాడు."

కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. పిట్టకథ! నేను అలవాటుగా బట్టతల నిమురుకున్నాను. జనం ఇంకా నవ్వారు.

"వాడికి ఒక అక్క. ఆవిడ నిజంగా పుణ్యాత్మురాలు. ఎందుకంటారా? ఇంట్లో ఒక పక్క మాట్లాడటం ఆపని మొగుడు, ఇంకో పక్క ఎవర్నీ మాట్లాడనివ్వని తమ్ముడు. ఆ ఇద్దరి మధ్య మద్దెలలా నలిగిపోయి, చివరికి విశ్రాంతి కోసం ఆస్పత్రిలో చేరింది."

జనం గొల్లుమన్నారు. నా చెయ్యి మృదంగం మీద ఉంది. లేచి నీళ్ళకి వెళ్దామనిపించింది. పిట్టకథలో లేవకూడదు.

"తమ్ముడు అక్కడా వదల్లేదు. రోజూ ఒక కొత్త జోకు పట్టుకుని తయారు. ఒకరోజు ఎవరిదో తెల్లకోటు తగిలించుకుని వచ్చి, 'అమ్మా, మీ రిపోర్టు వచ్చింది. మీకే జబ్బూ లేదు, మీ ఆయన పాటే కారణం' అన్నాడు. ఆవిడ ఎంత నవ్విందంటే నర్సు వచ్చి అందరినీ తిట్టింది."

ఇది నిజమే. నాకు గుర్తుంది. నేను పళ్ళు బయటపెట్టి కూర్చున్నాను.

"వాడు అటు వెళ్ళగానే ఆవిడ ఇటు తిరిగి దిండు కరిచిపట్టుకునేది. కడుపు మీద కుట్లు. నవ్వితే లాగేవి. 'మరి నవ్వడం దేనికే, వాణ్ణి రావద్దని చెప్తాను' అన్నాను. 'అయ్యో, చెప్పకండి. నాకిలా ఉందని తెలిస్తే వాడికి జోకులు రావు. జోకులు రాకపోతే వాడు ఎక్కడ కూర్చోవాలో వాడికే తెలియదు' అంది."

హాలు కొంచెం నెమ్మదించింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. నా కళ్ళు ముందు వరుస మీద ఉన్నాయి. ఒక్క కాలూ కదలలేదు.

"ఆఖరి రోజు పొద్దున్న," అన్నాడు బావ. గొంతు మారలేదు, పిట్టకథ గొంతే. "ఆవిడ వెళ్ళిపోయింది. నేను కాగితాల కోసం వరండాలోకి వచ్చాను. వీడు లోపలికి పోయాడు. డాక్టరు అప్పటికే చెప్పాడు వీడికి. చెప్పినా పోయి మంచం పక్కన నిలబడ్డాడు. నేను తలుపు దగ్గర్నించి చూస్తున్నాను. వీడు ఆవిడ మొహం మీదికి వంగి, అలవాటు ప్రకారం, ఆ రోజు జోకు చెప్పాడు. 'అక్కా, కింద కొత్త నర్సు నన్నాపింది. పేషెంటుకి మీరేమవుతారు అనడిగింది. సైడ్ ఎఫెక్టునమ్మా అన్నాను,' అన్నాడు."

ఒక్క క్షణం ఆగి, హాలంతా ఫెళ్ళున నవ్వింది. మూసుకున్న తలుపు ఒక్కసారి తోసినట్టు నవ్వారు. ముక్కు దాసుగారు తొడ చరుచుకున్నాడు. కొంతమంది నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"చూశావట్రా," అన్నాడు బావ, మొదటిసారి నా వైపు తిరిగి. "మంచి జోకే. ఆవిడ నవ్వకపోవడానికి కారణం జోకు కాదు."

చిడతలు పైకెత్తాడు. ఇప్పుడు నేను కొట్టాలి. జవాబు దెబ్బ.

చెయ్యి లేవలేదు. నా చెయ్యే, నా మోకాలి మీదే ఉంది, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులాగా. జనం ఇదీ పిట్టకథలో భాగమే అనుకుని ఎదురుచూశారు. మేనకోడలు ఫిడేలు మీద ఒకే ఒక్క స్వరం పట్టుకుని వదలకుండా సాగదీస్తోంది. బావ ఒంటికాలి మీద నిలబడ్డాడు, రెండో కాలు గజ్జెతో సహా గాలిలో ఉంది. ఆ వయసులో. దింపడు. దెబ్బ పడేదాకా దింపకూడదు.

దించు బావా అందామనుకున్నాను. నోరెత్తకూడదు.

ఎప్పటికో ఎడమ చెయ్యి పడింది. ధోమ్మని. అంత లోతుగా ఆ మృదంగం ఎప్పుడూ పలకలేదు. బావ కాలు దించాడు, చెల్లెలి చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు, జనం గోవిందా అన్నారు. ఆ తరవాత హారతి దాకా ఏం జరిగిందో నన్నడక్కు. వాయించానట.

కథ అయ్యాక పక్క గదిలో కూర్చున్నాం. విరిగిన కుర్చీలు పేర్చి ఉన్న గది. నా వేళ్ళు మండుతున్నాయి. నాకేదైనా మండి చాలా రోజులైంది. ఊదుకుంటూ కూర్చున్నాను. మేనకోడలు మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నట్టు తెలిసింది.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా. ఓడిపోయినట్టు ఉండటం నాకు చేతకాదు. నా చేతిలో ఇంకో ముక్క మిగిలే ఉంది.

"బావా, నువ్వు నన్ను జనం ముందు కడిగేస్తే కడిగేశావు గానీ, అసలు మోసపోయింది నువ్వే. ముక్కు దాసుగారికి ఎవరూ కథ ఇవ్వలేదు. నీచేత గజ్జె కట్టించడానికి అదంతా నేనే అల్లాను."

బావ కాలి గజ్జెల ముడి విప్పుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఆయన పేరు నీ చెవిన వెయ్యమని అమ్మాయికి చెప్పింది నేనేరా. ఆయన్ని ముందు వరుసలో కూర్చోమందీ నేనే."

నేను మేనకోడలి వైపు చూశాను. అది ఫిడేలు పెట్టె సర్దుకోవడంలో మునిగిపోయింది.

"మరి హాలు?"

"నువ్వు అడక్కముందే మేనేజరుకి చెప్పి పెట్టాను."

"మరి నోరు రావట్లేదన్నావు, కిటికీ దగ్గర కొయ్యలా కూర్చున్నావు..."

"కూర్చుని నా ఏడుపు నేను ఏడ్చుకున్నాన్రా. మీకు వీపు పెట్టాను కాబట్టి నీకు కనపడలేదు. కథ మానేది నేనెందుకు? మృదంగం గుడ్డ విప్పనిది నువ్వు." గజ్జెలు తీసి పక్కన పెట్టాడు. "అక్క గురించి రెండు మాటలు కూర్చుని వినరా అంటే వింటావా? వినవు. వచ్చి వాయించరా అంటే వస్తావా? రావు. అదే బావని బుట్టలో పడేద్దాం రా అంటే, మెట్ల మీద గంతులేసుకుంటూ వస్తావు."